మీ ఊరికి ఎన్నేళ్లు? ఉత్సవానికి ముందు తేల్చుకోవలసిన లెక్క

గ్రామ ఉత్సవ సంఘాల వారి ముందు చేసిన ప్రసంగం. రాలేకపోయినవారి కోసం రికార్డింగు విని రాసిన పాఠం.

అందరికీ నమస్కారం. పెద్దలకు, సర్పంచులకు, బడి మాస్టార్లకు, ముఖ్యంగా ఈ పని నెత్తికెత్తుకున్న కుర్రవాళ్లకు నమస్కారం. వెనక కూర్చున్నవాళ్లకి వినబడుతోందా? వినబడుతోందా అమ్మా? సరే.

ఊరికి ఐదువందల ఏళ్లు నిండాయి, ఆరువందల ఏళ్లు నిండాయి, ఉత్సవం చేద్దాం అనుకుంటున్నారు. చేయాల్సిందే. పందిరి ఎవరు వేస్తారు, వంట ఎవరు చూస్తారు, మైకుసెట్టు ఎక్కణ్ణుంచి తెస్తారు, ఇవి మీకు నేను చెప్పక్కర్లేదు. ఏటా జాతర చేసే చేతులు మీవి. నేను ఒక్కటే అడుగుతాను. ఐదువందలు అని ఎవరు చెప్పారు? ఎక్కడ రాసి ఉంది? ఆ రాసినదాన్ని మీలో ఎవరైనా కళ్లతో చూశారా?

ఎందుకు అడుగుతున్నానంటే, ఉత్సవం మూడు రోజుల్లో అయిపోతుంది. ఆహ్వాన పత్రిక మీద, శిలాఫలకం మీద వేసిన అంకె మాత్రం ఉండిపోతుంది. రేపు బడిపిల్లవాడు దాన్నే నోట్సులో రాసుకుంటాడు. ఇంకో ఇరవై ఏళ్లకి ఎవరైనా పుస్తకం రాస్తే ఆ ఫలకాన్నే ఆధారంగా చూపిస్తారు. అప్పుడు తప్పు కాస్తా చరిత్ర అయి కూర్చుంటుంది. కాబట్టి పందిరి రాట కంటే ముందు అంకె తేలాలి.

ముందు ఒక చిక్కు విడదీసుకుందాం. ఊరికి పుట్టినరోజు ఒకటే ఉండదు. మనుషులు వచ్చి ఇళ్లు కట్టుకున్న ఏడు వేరు. ఊరి పేరు మొదటిసారి రాతలోకి ఎక్కిన ఏడు వేరు. సర్వే చేసి, హద్దురాళ్లు పాతి, రెవెన్యూ గ్రామంగా నంబరు ఇచ్చిన ఏడు వేరు. పంచాయతీ ఏర్పడిన ఏడు ఇంకా వేరు. తెలంగాణలో 2018లో ఎన్నో తండాలు, గూడేలు కొత్తగా పంచాయతీలయ్యాయి. ఆ తండా 2018లో పుట్టిందా? పుట్టలేదు కదా. అలాగే శివారు గ్రామం రికార్డులో పెద్ద ఊరి పేరు కిందే ఉంటుంది, దాని పేరు విడిగా కనిపించదు. కనిపించనంత మాత్రాన లేదని కాదు.

మొదటిది, అంటే జనం వచ్చి స్థిరపడిన ఏడు, పాత ఊళ్లలో నూటికి తొంభై చోట్ల దొరకదు. దొరికేది రెండోది, తొలి లిఖిత ప్రస్తావన. దాన్ని పట్టుకుని ఉత్సవం చేస్తే తక్కువతనం ఏమైనా ఉందా? ఏమీ లేదు. మాస్కో నగరం ఏం చేసింది? 1147లో ఒక వృత్తాంతంలో దాని పేరు మొదటిసారి కనిపిస్తుంది. ఆ లెక్కనే 1947లో 800 ఏళ్ల పండుగ, 1997లో 850 ఏళ్ల పండుగ చేసుకున్నారు. బెర్లిన్‌వాళ్లు 1987లో 750 ఏళ్లు జరుపుకున్నారు. ఆ 1237 నాటి పత్రంలో ఉన్నది బెర్లిన్ పేరు కూడా కాదు, దాన్ని ఆనుకుని ఉన్న జంట ఊరు క్యోల్న్ పేరు. అంత పెద్ద నగరాలే 'మొదటిసారి రాతలో కనిపించిన ఏడు' అని ఒప్పుకుని పండుగ చేసుకుంటే మనకేం అడ్డం? మీ ఆహ్వాన పత్రిక మీద 'మా ఊరు పుట్టి 650 ఏళ్లు' అని వేయకండి. 'మా ఊరి పేరు రాతలో కనిపించి 650 ఏళ్లు' అని వేయండి. అప్పుడు మిమ్మల్ని ఎవరూ కాదనలేరు.

మరి ఆ రాత ఎక్కడుంటుంది? మొదటి చోటు శాసనం. గుడి గోడ మీద, మండపం స్తంభం మీద, చెరువు తూము దగ్గర, ఒక్కోసారి చేను గట్టున బోర్లాపడి. మన దగ్గర దొరికిన తొలి తెలుగు శాసనం కడప జిల్లా కలమళ్లలో ఉంది, సుమారు 575 నాటిది. పోరుమామిళ్ల చెరువు శాసనం శక సంవత్సరం 1291, అంటే 1369. విజయనగర రాజు బుక్కరాయల కొడుకు భాస్కరుడు కట్టించిన చెరువు. రోజూ వెయ్యిమంది కూలీలు, వంద బండ్లు, రెండేళ్లు పని చేశాయని దాంట్లో రాసి ఉంది. మంచి చెరువుకు ఉండవలసిన పన్నెండు అంగాలేవో, ఉండకూడని ఆరు దోషాలేవో కూడా చెప్పారు. మల్కాపురం శాసనం 1261 నాటిది, రుద్రమదేవి కాలం. గోళకీ మఠం అనే శైవ మఠానికి మందడం, వెలగపూడి ఊళ్లు ఇచ్చిన సంగతి, అక్కడ పెట్టిన ప్రసూతిశాల, ఆరోగ్యశాల సంగతి అందులో ఉన్నాయి. దీన్నిబట్టి ఆ ఊళ్లు 1261లో పుట్టాయని చెప్పగలమా? చెప్పలేం. ఇవ్వాలంటే అప్పటికే ఉండాలి కదా. శాసనం చెప్పేది 'ఆ నాటికి ఊరు ఉంది' అని. అంతవరకే. 'కొత్తగా ఊరు కట్టించి' అని స్పష్టంగా ఉంటే తప్ప పుట్టుక అనకూడదు.

ఇంకో కిటుకు చెబుతాను, రాసుకోండి. మీ ఊళ్లో శాసనం లేకపోతే పక్క ఊళ్ల శాసనాలు చూడండి. భూమి దానం ఇచ్చినప్పుడు ఎల్లలు రాస్తారు. తూర్పున ఫలానా వాగు, ఆగ్నేయాన చింతచెట్టు, దక్షిణాన పుట్ట, పడమర ఫలానా ఊరి పొలిమేర. ఆ 'ఫలానా ఊరు' మీదే కావచ్చు. అప్పుడు పొరుగువాళ్ల శాసనం మీ ఊరికి కూడా సాక్ష్యం.

ఇప్పుడు లెక్క. శక సంవత్సరానికి 78 కలిపితే మనం వాడే సంవత్సరం వస్తుంది. అయితే ఉగాది మార్చి, ఏప్రిల్‌లలో వస్తుంది కాబట్టి ఆ ఏడాది చివరి మూడు నెలలు, అంటే ఇంచుమించు పుష్యం సగం నుంచి ఫాల్గుణం దాకా, 79 కలపాలి. మాఘమాసం శాసనానికి 78 కలిపితే ఒక ఏడు తేడా వచ్చి, ఉత్సవం ఏడాది ముందే చేసేస్తారు.

సరిచూసుకోవడానికి సంవత్సరం పేరు ఉంది. శకానికి 12 కలపండి, 60తో భాగించండి, మిగిలిన శేషం ప్రభవ నుంచి ఎన్నోదో అదే సంవత్సరం. శేషం సున్నా వస్తే అక్షయ. పోరుమామిళ్లదే చేసి చూద్దాం. 1291కి 12 కలిపితే 1303. అరవైలు ఇరవైఒకటి 1260. మిగిలింది 43. నలభైమూడోది ఏది? ఎవరైనా చెప్పండి... సౌమ్య. శాసనంలో ఉన్నదీ సౌమ్యే. ఇక పేచీ లేదు. ఈ లెక్క ఎక్కడ ఉపయోగపడుతుందంటే, రాయి పెచ్చు ఊడి చివరి అంకె పోయిందనుకోండి. 129 దాకా కనిపిస్తోంది, తర్వాతది లేదు, కానీ సౌమ్య అన్న పేరు నిలిచింది. 1290 నుంచి 1299 దాకా పదేళ్లలో సౌమ్య ఒక్కసారే వస్తుంది. పోయిన అంకె తిరిగి దొరికినట్టే. ఒక్కోచోట ఒక ఏడు తేడా కనిపిస్తుంది. కొందరు గడిచిన శకం చెబుతారు, కొందరు నడుస్తున్న శకం చెబుతారు. అక్కడ సంవత్సరం పేరునే నమ్మండి. అంకెలకు బదులు మాటలుంటే కంగారుపడకండి. శశి అంటే 1, నేత్ర అంటే 2, వేద అంటే 4, బాణ అంటే 5, నిధి అంటే 9, గగన అంటే 0. కుడి నుంచి ఎడమకి చదవాలి. శశి, నిధి, నేత్ర, శశి అని ఉంటే 1291.

రాతిని చదివేముందు రాతి జోలికి ఎలా వెళ్లాలో చెప్పాలి, ఎందుకంటే ఎక్కువ నష్టం ఉత్సవాలప్పుడే జరుగుతోంది. గుడికి రంగులు వేస్తూ శాసనానికి కూడా ఎనామిల్ పెయింటు పూస్తారు. శుభ్రం చేయిస్తామని ఇసుక ఊదించి, ఆరువందల ఏళ్లు నిలిచిన అక్షరాన్ని గంటలో అరగదీస్తారు. మండపం బాగుచేస్తూ శాసనం రాయిని గోడలో పెట్టి సిమెంటు పూసేస్తారు. ఇంకొకటి, అక్షరాలు బాగా కనబడాలని చాక్‌పీసుతో దిద్దుతారు. దిద్దినవాడు తప్పుగా దిద్దితే ఫొటోలో ఆ తప్పే అక్షరమై కూర్చుంటుంది, అసలు గీత ఏదో ఇక ఎవరికీ తెలియదు. దయచేసి దిద్దకండి.

ఏం చేయాలి? మంచినీళ్లు, మెత్తని కొబ్బరిపీచు, అంతే. సబ్బు వద్దు, ఆమ్లం వద్దు, ఇనుప బ్రష్షు అసలే వద్దు. నీళ్లతో కడిగి ఆరనివ్వండి. ఫొటో మిట్టమధ్యాహ్నం తీస్తే అక్షరం కనిపించదు, వెలుతురు నిట్టనిలువుగా పడుతుంది. పొద్దున్నో సాయంత్రమో పక్క ఎండలో తీయాలి. అన్నిటికంటే మంచిది రాత్రి. ఒకరు ఫోను కదలకుండా రాయికి ఎదురుగా పట్టుకోవాలి, ఇంకొకరు టార్చిలైటును రాతికి ఆనించినట్టు పక్క నుంచి వేయాలి. ఎడమ నుంచి ఒకటి, కుడి నుంచి ఒకటి, పైనుంచి, కిందనుంచి. నాలుగు ఫొటోలు. ఎడమ వెలుతురులో కనిపించని గీత కుడి వెలుతురులో నీడ పడి తేలుతుంది. పక్కన ఒక స్కేలు పెట్టండి, అక్షరం ఎంత పొడుగో తెలియాలి.

కాగితం మీద నకలు తీయడం నేర్చుకున్నవాళ్లు చేయాల్సిన పని, పైగా రక్షిత కట్టడమైతే పురావస్తు శాఖ అనుమతి తప్పనిసరి. ఎలా తీస్తారో మాత్రం తెలుసుకోండి, పక్కన నిలబడి సాయం చేయగలుగుతారు. తడిపిన దళసరి కాగితాన్ని రాతి మీద పరుస్తారు. బిరుసు వెంట్రుకల బ్రష్షుతో కొడుతూ కాగితం అక్షరాల గాడిలోకి దిగేలా చేస్తారు. సగం ఆరాక, మసితో చేసిన సిరాను గుడ్డ ముద్దతో మెల్లగా అద్దుతారు. రాతి పైభాగం నల్లగా, గాడిలో అక్షరం తెల్లగా వస్తుంది. కాగితం మరీ తడిగా ఉంటే సిరా పాకిపోతుంది. మరీ ఆరితే సిరా అద్దేలోపే కాగితం లేచిపోతుంది. గాలి వీచే రోజున ఆ పని పెట్టుకోకూడదు.

ఇంత చేసేముందు, మీ శాసనాన్ని వందేళ్ల కిందటే ఎవరైనా నమోదు చేశారేమో చూసుకోండి. కేంద్ర పురావస్తు శాఖ శాసన విభాగం 1887 నుంచి వార్షిక నివేదికలు వేస్తోంది, ఊరి పేరుతో సహా. నెల్లూరు జిల్లా శాసనాలైతే 1905లోనే మూడు సంపుటాలుగా వచ్చాయి. ఇక్కడ చాలామంది వెతికి వెతికి లేదని వదిలేస్తారు. ఎందుకు? ఇవాళ్టి జిల్లాలో వెతుకుతారు కాబట్టి. గుంటూరు జిల్లా 1904లో వచ్చింది, అంతకుముందు రాతలకు కృష్ణా జిల్లా కింద చూడాలి. అనంతపురం 1882 దాకా బళ్లారిలో ఉంది. చిత్తూరు జిల్లా 1911లో ఏర్పడింది. మార్కాపురం వైపు ఊళ్లు 1970లో ప్రకాశం జిల్లా వచ్చేదాకా కర్నూలు కింద ఉన్నాయి. భద్రాచలం 1959 దాకా తూర్పు గోదావరి. మీ ఊరు ఏ కాలంలో ఏ జిల్లా, ఏ తాలూకా అన్నది ముందు ఒక కాగితం మీద రాసుకోండి. ఇంకో జాగ్రత్త. కొత్తపల్లులు ఎన్ని లేవు? రామాపురాలు ఎన్ని లేవు? పేరు కలవగానే మనదే అనుకోకండి. పక్కన చెప్పిన ఊళ్లు, వాగులు కూడా కలవాలి.

రెండో చోటు కైఫీయతులు. కాలిన్ మెకంజీ దొర, ఆయన దగ్గర పనిచేసిన కావలి బొర్రయ్య, లక్ష్మయ్య, రామస్వామి సోదరులు, 1800 తర్వాత ఊరూరా కరణాల దగ్గర దండకవిలెలు, అంటే ఊరి పాత లెక్కల పుస్తకాలు, చూసి రాయించిన ఊరి చరిత్రలు. చెరువులు, గుళ్లు, ఊరు ఎవరు కట్టించారు, ఎవరి తర్వాత ఎవరు ఏలారు, అన్నీ ఉంటాయి. బంగారం లాంటి సమాచారం. అయితే గీటురాయి మీద గీయకుండా తీసుకోకండి. ముక్కంటి కాడువెట్టి అడవి కొట్టించి అగ్రహారం ఇచ్చాడని, జనమేజయుడు దానం ఇచ్చాడని మొదలైతే అది నమ్మకం, తేదీ కాదు. గుంటూరు వైపు కైఫీయతుల్లో పదే పదే కనిపించేది ఒకటి ఉంది. కాకతీయ గణపతిదేవుడి ప్రధాని గోపరాజు రామన్న కరణాలకు మిరాశీలు, అంటే వంశపారంపర్య హక్కులు, పంచాడు, అది శకం 1067 అని. లెక్క వేయండి. 1067కి 78 కలిపితే 1145. గణపతిదేవుడు గద్దె ఎక్కింది ఎప్పుడు? 1199లో. యాభైనాలుగేళ్ల ముందు ఆయన ప్రధాని మిరాశీలు ఎలా పంచుతాడు? కాబట్టి అలాంటి తేదీని పట్టుకుని ఉత్సవం చేయకూడదు. అదే కైఫీయతులో రాసే నాటికి దగ్గరగా, వంద నూటయాభై ఏళ్ల కిందట జరిగిందని చెప్పిన సంగతులు చాలావరకు నిలబడతాయి. కడప జిల్లా కైఫీయతులు కడపలోని సీ.పీ. బ్రౌన్ పరిశోధన కేంద్రం అచ్చు వేసింది. మిగతావాటికి చెన్నై ప్రాచ్య లిఖిత పుస్తక భాండాగారం, హైదరాబాదు రాజ్య అభిలేఖాగారం.

మూడోది సర్కారు కాగితాలు. ఆంధ్ర వైపు 1858లో ఇనాం కమిషను వచ్చింది, ఇనాం అంటే దానంగా ఇచ్చిన మాన్యం భూమి. అప్పటి ఇనాం ఫెయిర్ రిజిస్టరులో దేవుడి మాన్యం, మంగలి మాన్యం, చెరువు నీళ్లు వదిలే నీరటి మాన్యం ఎవరిచ్చారో, ఎప్పుడిచ్చారో, టైటిల్ డీడు నంబరుతో సహా రాశారు. తర్వాత భూముల సర్వే చేసి రాసిన రిజిస్టర్లు, డైగ్లాటు, ఆర్.ఎస్.ఆర్., జమీందారీ ఊళ్లైతే సెటిల్మెంటు ఫెయిర్ అడంగలు. తెలంగాణ వైపు అలాంటి భూమి రికార్డులే సేత్వారు, ఆ తర్వాత 1954-55 ఖాస్రా పహాణి. వీటిలో ఫసలీ సంవత్సరం, అంటే శిస్తు లెక్కలకు వాడే సంవత్సరం, ఉంటుంది. 590 కలపండి, ఫసలీ మొదలైన నెల నుంచి డిసెంబరు దాకా సరిపోతుంది, జనవరి తర్వాత 591. ఆంధ్రలో ఫసలీ జూలైలో మొదలవుతుంది, నిజాం ఇలాకాలో ఆజూరు నెలతో, అంటే అక్టోబరులో. నిజాం ఫర్మానాల్లో హిజ్రీ ఉంటే ఈ లెక్క పనికిరాదు. అది చాంద్రమానం, ఏటా పదకొండు రోజులు జరుగుతుంది, పట్టిక చూడాల్సిందే. మీ ఊరి పేరు పక్కన 'బేచిరాకు' అని కనిపిస్తే ఆ నాటికి అక్కడ కాపురాలు లేవని అర్థం. ఊరు పాడుబడి మళ్లీ లేచిందన్నమాట. అలాంటి ఊరికి రెండు తేదీలు ఉంటాయి, రెండూ చెప్పండి.

కరణీకాలు 1984లో రద్దయ్యాయి. అప్పుడు రికార్డులన్నీ సర్కారుకు చేరలేదు. పాత కరణాల ఇళ్లల్లో, పటేళ్ల ఇళ్లల్లో అటకల మీద ఇంకా కొన్ని ఉన్నాయి. వెళ్లి మర్యాదగా అడగండి. కాగితం తెచ్చుకోవద్దు, అక్కడే ఫొటో తీసుకోండి.

రాత లేని సాక్ష్యాల మాట. బొడ్రాయి ఉంది. చాలా ఊళ్లలో ఈమధ్య కొత్త బొడ్రాయి ప్రతిష్ఠ చేస్తూ పాతదాన్ని తీసి చెరువులో వేస్తున్నారు, కాల్వలో వేస్తున్నారు. తీసే ముందు నాలుగు వైపులా ఫొటో తీయండి, కొలతలు రాయండి. వీలైతే గుడి ఆవరణలో నిలబెట్టండి. పాటిదిబ్బ ఉంది. పాటిమన్ను అని ఎరువుకు తోలుకుంటారు కదా, ఆ దిబ్బే పాత ఊరు. అందులో పెంకులు, బూడిద, ఎముకలు పొరలు పొరలుగా ఉంటాయి. మీరు తవ్వకండి. తవ్విన పెంకు ఏ పొరలోదో తెలియకపోతే దానికి విలువ లేదు. ఎక్కడుందో సర్వే నంబరుతో రాసి పురావస్తు శాఖకు తెలియజేయండి.

ఇక మనుషుల జ్ఞాపకం. తరానికి ఇరవై అయిదు నుంచి ముప్ఫై ఏళ్లు వేస్తారు. ఆరు తరాలంటే 150 నుంచి 180. కానీ మనలో తాత పేరు మనవడికి పెడతాం. వెంకయ్య కొడుకు రామయ్య, రామయ్య కొడుకు వెంకయ్య. చెప్పేవాళ్లు ఇద్దరు వెంకయ్యల్ని ఒకరిగా కలిపేస్తే రెండు తరాలు మాయం, యాభై అరవై ఏళ్లు గల్లంతు. అందుకని భార్య పేరు కూడా అడగండి. భార్యల పేర్లు వేరైతే మనుషులు వేరు. ఏ సంవత్సరం అని అడిగితే ఎవరూ చెప్పలేరు. పెద్ద కరువులు, ఉప్పెనలు అడగండి. నందన కరువు 1832-33. ధాత కరువు 1876-77. దివిసీమ ఉప్పెన 1977 నవంబరు. తెలంగాణలో పోలీసు చర్య 1948. 'మా ముత్తాత ధాత కరువులో ఈ ఊరొచ్చాడు' అన్న మాట ఒక్కటి చాలు.

ఎవర్ని అడగాలి? ఇది నేను గట్టిగా చెబుతున్నాను. పెద్దిళ్ల అరుగుల మీద మాత్రమే కూర్చుని ఊరి చరిత్ర రాయకండి. హద్దురాయి ఎక్కడుందో తెలిసింది వెట్టి చేసిన కుటుంబాలకి. ఏ తూము నీరు ఏ పొలానికి పారేదో తెలిసింది నీరటి ఇంటికి. మాలవాడ, మాదిగవాడ, చాకలి, కుమ్మరి ఇళ్లు ఊరంత పాతవి, ఒక్కోచోట ఊరికంటే పాతవి. ఏ బావి ఎప్పుడు తవ్వారో, ఎవరిని తోడుకోనిచ్చారో, ఎవరిని తోడుకోనివ్వలేదో ఆడవాళ్లకి తెలుసు. ఆ మాట కూడా పుస్తకంలోకి రావాలి. ఊరి చరిత్రలో సగం ఊరు లేకపోతే అది ఊరి చరిత్ర ఎలా అవుతుంది?

కొత్త ఊళ్లవాళ్లు కూడా వచ్చారు ఇక్కడికి, మనకేం చరిత్ర ఉందని అనుకోకండి. మీ పని తేలిక, మీకు అసలు పుట్టిన తేదీయే దొరుకుతుంది. ధవళేశ్వరం ఆనకట్ట 1852కి పూర్తయింది, దాని కాల్వల వెంట లేచిన ఊళ్లున్నాయి. నిజాంసాగర్ 1931కి పూర్తయింది, దాని కింద వచ్చిన క్యాంపులున్నాయి. ప్రాజెక్టుల ముంపులో పాత ఊరు పోయి కొత్త కాలనీ కట్టుకున్నవాళ్లున్నారు. మీకు పట్టాల తేదీలు, బడి ప్రవేశాల రిజిస్టరు, తొలి ఇళ్లవాళ్ల జ్ఞాపకం అన్నీ చేతికందే దూరంలో ఉన్నాయి. ముంపు ఊళ్లవాళ్లు పాత ఊరి పటం ముందు గీయించండి. ఏ వీధిలో ఎవరిల్లు, ఏ చెట్టు కింద రచ్చ, గుర్తున్నవాళ్లు ఉండగానే గీయాలి.

ఉత్సవం రోజు ఏం చూపించాలంటే, నా మాట ఫొటోల ప్రదర్శన. ఇంటింటి నుంచి పాత ఫొటోలు తీసుకుని, స్కానరు మీద 600 డీ.పీ.ఐ.లో తీసి, అదే రోజు తిరిగి ఇచ్చేయండి. తీసుకున్నప్పుడు ఒక పుస్తకంలో సంతకం, ఇచ్చినప్పుడు ఒక సంతకం. ఒక్క ఫొటో పోయినా మరుసటి రోజు నుంచి ఎవరూ ఇవ్వరు. ఫొటో వెనక పెన్నుతో రాయకండి, ముందుకు దిగుతుంది. ప్రదర్శనలో ప్రతి ఫొటో కింద తెల్లకాగితం, దారానికి కట్టిన పెన్సిలు పెట్టండి. చూసినవాళ్లు 'ఇది మా మేనత్త' అని రాసిపోతారు. ఏడాది తిరిగినా మీకు దొరకని పేర్లు ఆ ఒక్క పూటలో దొరుకుతాయి.

చివరికి శిలాఫలకం. చెక్కేవారికి ఇచ్చే ముందు పాఠం పంచాయతీ గోడ మీద పదిహేను రోజులు అంటించండి. తప్పులు ఎవరో ఒకరు పట్టుకుంటారు. గ్రానైటు మీద తప్పు పడితే దిద్దడం ఉండదు, పలకే మార్చాలి. దాతల పేర్లకు వేరే పలక పెట్టండి, చరిత్ర పలకలో కలపకండి. చరిత్ర పలక మీద నాలుగు సంగతులు చాలు. ఊరి పేరు రాతలో మొదట కనిపించిన ఏడు. ఏ శాసనంలోనో, ఏ రిజిస్టరులోనో. ఆ శాసనం ఇప్పుడు ఎక్కడుందో. శకం ఎంత, సంవత్సరం పేరేమిటో. ఈ నాలుగూ ఉంటే తర్వాత వచ్చేవాళ్లు మీ లెక్క సరిచూసుకోగలరు, ఇంకా పాతది దొరికితే చేర్చగలరు. సేకరించిన ఫొటోలు, రికార్డింగులు రెండు హార్డుడిస్కుల్లో పెట్టి ఒకటి బడిలో, ఒకటి పంచాయతీలో ఉంచండి. ఒకే ఫోనులో ఉంచితే ఆ ఫోనుతోనే పోతాయి.

ఇప్పుడు మీరు తెచ్చినవి చూద్దాం. శాసనాల ఫొటోలు తెచ్చినవాళ్లు ముందు రండి, లెక్క ఇక్కడే వేద్దాం. ఇనాం కాగితాలు తెచ్చినవాళ్లు ఆ పక్క బల్ల దగ్గర కూర్చోండి.